కుర్చీ, స్టూలు, మధ్యలో పెట్టె

ఆ ఇంటి ముందుగదిలో కూర్చోవడానికి రెండే రెండు ఉన్నాయి. ఒకటి తిరుగుడు కుర్చీ, రెండోది వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని చెక్క స్టూలు. కుర్చీ అక్కది, స్టూలు చెల్లెలిది. కుర్చీ ముందు కంప్యూటరు ఉంటుంది, స్టూలు పక్కన మిషను ఉంటుంది. మిషనంటే మనం రవికలు కుట్టుకునేది అనుకునేరు, కాదు. ఒకే తలకి బోలెడన్ని సూదులున్న ఎంబ్రాయిడరీ మిషను. కుర్చీలో కూర్చున్నావిడ కంప్యూటరులో బొమ్మ గీసి పంపిస్తే, అది టకటకమంటూ బట్ట మీద కుట్టేస్తుంది. స్కూలు పిల్లల జేబుల మీద బ్యాడ్జీలు, ఆస్పత్రి ఆయాల కోట్ల మీద గుర్తులు, కాపలావాళ్ళ టోపీల మీద నక్షత్రాలు. ఆ చుట్టుపక్కల ఎవరి గుండెల మీద ఏ గుర్తున్నా అది ఈ గదిలోంచి వెళ్ళిందే. స్టూలు మీదావిడ ఫ్రేముకి బట్ట బిగించాలి, తెగిన దారం ఎక్కించాలి, కుట్టయ్యాక వెనక వేలాడే పోగులు కత్తిరించాలి.

కుర్చీకీ స్టూలుకీ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడూ దాటి మాట వెళ్ళి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు.

గొడవ సింహం దగ్గర మొదలైంది. ఒక స్కూలువాళ్ళు సింహం బొమ్మ బ్యాడ్జీ కావాలన్నారు. అక్క గీసింది, మిషను కుట్టింది. స్కూలు గుమాస్తా వచ్చి చేతిలోకి తీసుకుని "బావుందమ్మా" అంటూండగానే, చెల్లెలి నోరు ఊరుకోక, "సింహమా అది? వానకి తడిసిన పిల్లిలా ఉంది" అంది. గుమాస్తా పక్కున నవ్వాడు. చెల్లెలు అన్నందుకు కాదు, పరాయివాడు నవ్వినందుకు మండింది అక్కకి. "నువ్వు పుట్టినప్పుడు అచ్చం ఇలాగే ఉన్నావే. అదే మనసులో పడి అలా వచ్చింది" అంది. అంతే, ఇద్దరికీ అదే ఆఖరి మాట.

మాట ఆగిందని పని ఆగదు కదా. దారం అడగాలి, సైజు చెప్పాలి, ఎన్ని కుట్టాలో చెప్పాలి. అందుకని ఇద్దరూ కంప్యూటరుతో మాట్లాడ్డం మొదలుపెట్టారు.

"ఓ పెట్టే, నీలం దారం అయిపోయిందని ఆవిడకి చెప్పు."

"ఓ పెట్టే, నీలం దారం అలమర కింది అరలో ఉందనీ, కళ్ళు నెత్తికెక్కినవాళ్ళకి కింది అరలు కనబడవనీ ఆవిడకి చెప్పు."

పెట్టె పాపం ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఇద్దరి తిట్లూ తిని, ఫ్యాను గుర్రుమనిపిస్తూ కూర్చునేది. ఇంటికి వచ్చేవాళ్ళు మొదట్లో బిత్తరపోయారు గానీ, తర్వాత వాళ్ళూ అలవాటు పడ్డారు. ఆస్పత్రి పెద్ద నర్సు ఒకసారి తలుపు దగ్గరే నిలబడి, "ఓ పెట్టే, మా కోట్లు ఎప్పుడిస్తారని వాళ్ళిద్దర్నీ అడుగు" అంది కూడాను.

ఇంతకీ ఆ పెట్టెకి తాళం ఒకటుంది. వాళ్ళ నాన్న పెట్టిన తాళం. ఆయన దర్జీ. ఇద్దర్నీ కని పెంచిన మనిషి గనక వాళ్ళ సంగతి ఆయనకి తెలుసు. పోయేముందు పాస్‌వర్డ్ రెండు ముక్కలు చేసి ముందు సగం అక్క చెవిలో, వెనక సగం చెల్లెలి చెవిలో వేసి పోయాడు. ఒకత్తి చేతికే తాళం ఇస్తే రెండోది వీధిన పడుతుందని ఆయన భయం. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే ఇదొక తంతు. అక్క తన సగం కొడుతుంటే చెల్లెలు గోడకేసి తిరిగి నిలబడాలి. చెల్లెలు కొడుతుంటే అక్క తిరగాలి. చెల్లెలి వీపు మాత్రమే కనబడుతున్నా, అక్క తన వేళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆ వీపుకి కూడా కళ్ళుంటాయని ఆవిడ నమ్మకం.

అక్క దాచుకున్నది పాస్‌వర్డ్ ఒక్కటే అయితే ఈ కథే లేదు.

ఆ తెర మీద ఉండే భాష ఆవిడకి రాదు. అక్షరం ముక్క రాదు. నాన్న వెనకాల నిలబడి, భుజం మీద వేలితో తడుతూ నేర్పిన పని అది. పై మూల ఉన్న బొమ్మ తలుపు, అది నొక్కితే పాత డిజైన్లు తెరుచుకుంటాయి. దాని కింద కత్తెర. కత్తెర కింద సూది. సూది కింద వంకర బాణం, చేసిన తప్పు వెనక్కి తీసుకోవడానికి. దాని కింద కోడిగుడ్డు, గుండ్రాలు గీయడానికి. ఆ కింద చీపురు, గీసిందంతా ఊడ్చెయ్యడానికి. బొమ్మల మొహాలు కూడా ఆవిడ చూసేది కాదు. వంటింట్లో ఉప్పు డబ్బా మీదికి చెయ్యి ఎలా వెళ్తుందో అలా వెళ్ళిపోయేది. బ్యాడ్జీల మీద పేర్లంటారా, వాళ్ళు కాగితం మీద రాసిచ్చిన అక్షరాలని ఆవిడ పువ్వునీ పిట్టనీ గీసినట్టే చూసి గీసేది. పాస్‌వర్డ్‌లో తన సగం కూడా మీటల చోట్లు గుర్తుపెట్టుకుని కొట్టేదే. ఇక తెర మధ్యలో ఎప్పుడైనా చీటీ లాంటిది ఊడిపడితే దాని కింద రెండు బొత్తాలుంటాయి. "ఎడమది సరే, కుడిది వద్దు. అర్థం కానిది ఏదొచ్చినా కుడిది నొక్కి పారెయ్" అన్నాడు నాన్న. అదే వేదమైపోయింది.

ఈ సంగతి కట్టుకున్నవాడికి కూడా తెలియదు. ఆయన బస్సు డ్రైవరు. పెళ్ళాం కంప్యూటరు ముందు కూర్చుంటే విమానం నడుపుతున్నట్టు మురిసిపోయేవాడు. చెల్లెలికి చదువుంది, తెర మీద అక్షరాలు గబగబా చదువుతుంది. అదే అక్క గుండెల్లో ముల్లు. చదువొచ్చిన మనిషి స్టూలు మీదా, రాని మనిషి కుర్చీలోనా? తెలిసిన రోజున కుర్చీ ఊడుతుంది. పోగులు కత్తిరించే కత్తెర చేతికొస్తుంది.

అలాంటి ఇంట్లోకి ఊదుడు మాస్టారు వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఏ కంప్యూటరు మూత తెరిచినా ముందు దుమ్ము ఊదుతాడు, ఊదాక సగం జబ్బు నయమైందంటాడు, అందుకని ఆ పేరు. ఫ్యాను మరీ గోల చేస్తోందని ఆ డ్రైవరు బావే పిలిపించాడు. ఆయన ఊది, తుమ్మి, తెరకేసి చూసి పెదవి విరిచాడు.

"ఇంకా ఈ పాత సిస్టమేనా అమ్మా? దీన్ని చేసిన కంపెనీవాళ్ళు ఇక దీనికి కాపలా కాయరట. గొళ్ళెం ఊడిన తలుపేసుకుని పడుకున్నట్టే. కొత్తది ఎక్కించెయ్యండి. ఊరికే వస్తుంది. వద్దన్నా రోజూ వచ్చి అడుగుతూనే ఉంటుంది."

"మాస్టారూ, పంటినొప్పి లేనివాడి పన్ను పీకే డాక్టర్లా ఉన్నారే మీరు," అంది అక్క. "ఫ్యాను చూడమంటే కొంప మార్చమంటారేం?"

చెల్లెలు స్టూలు మీంచి లేచింది. "ఓ పెట్టే, ఆస్పత్రివాళ్ళు పంపిన కొత్త గుర్తు బొమ్మ ఈ పాతదాంట్లో తెరుచుకోవడంలేదనీ, ఇంకో రెండుసార్లు అలాగయితే వాళ్ళు వేరే కొట్టుకి పోతారనీ ఆవిడకి చెప్పు."

"ఓ పెట్టే, పోయేవాళ్ళని పొమ్మను. తలనొప్పని తలకాయ తీయించుకుంటామా?" అని, మాస్టారుకేసి తిరిగింది. "మా కుట్టు ప్రోగ్రాం దీంట్లో నడుస్తుందా, నడవదా? అది చెప్పండి."

"నడవాలి మరి."

"నడవాలంటే? పెళ్ళయితే పిచ్చి కుదురుతుందన్నట్టుంది మీ మాట."

"నడుస్తుందమ్మా. కాకపోతే మొహం కొంచెం మారుతుంది," అని మాస్టారు సంచిలోంచి తన చిన్న కంప్యూటరు తీసి తెరిచి చూపించాడు. "ఇదిగో, ఇలా ఉంటుంది కొత్తది."

అక్క చూసింది. మూలల్లో ఉండాల్సినవన్నీ మధ్యకొచ్చి చేరాయి. ఎర్రగా, పచ్చగా ఉండాల్సినవన్నీ బూడిదరంగు తిరిగాయి. తలుపేదో కిటికీ ఏదో తెలియలేదు. ఎవరో తన వంటింట్లోకి దూరి డబ్బాలన్నీ తారుమారు చేసి పోయినట్టుంది. పైకి మాత్రం మూతి తిప్పింది.

"చచ్చిన చేప కన్నులా ఉంది. నాకొద్దు."

"ఓ పెట్టే," అంది చెల్లెలు, గొంతు తగ్గించి, "భయమేస్తే భయమేస్తోందని చెప్పమను. చేప మీద పెట్టడం దేనికి?"

"భయమా! ఓ పెట్టే, కుర్చీ మీద కన్నేసినవాళ్ళే కొత్తదనం మంత్రం చదువుతారని నాకు తెలుసని చెప్పు."

"ఓ పెట్టే, స్టూలు మీద కూర్చుని కూర్చుని నా నడుం విరిగిందనీ, నా కన్ను కుర్చీ మీద కాదు, వీపానించుకునే చోటు మీదుందనీ చెప్పు."

మధ్యలో బావ కల్పించుకున్నాడు. "మా బస్సుకీ మొన్న కొత్త ఇంజను వేశారు. వేసినా ఆ పాత గుంతల్లోనే పడుతోంది. దీనికింత యుద్ధమెందుకు?"

"మీరూరుకోండి," అంది అక్క. "మీ బస్సుకి స్టీరింగు ఒకటే. ఇక్కడ రెండు."

మాస్టారు సంచి సర్దుకున్నాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "కొత్తది ఎక్కాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అంటే మీ ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. కోడిపందెం అయ్యాక కబురు పెట్టండి" అనేసి పోయాడు.

ఆ తర్వాత రోజూ అదే రభస. పొద్దున తాళం తీసే వేళకి మొదలయ్యేది. చెల్లెలు "ఓ పెట్టే" అంటే, అక్క "కుదరదని చెప్పు" అనేది, ఏమిటని వినకుండానే. చీటీ మాత్రం రోజూ తెర మీద ఊడిపడుతూనే ఉంది. అక్క రోజూ కుడి బొత్తం నొక్కి దాన్ని తరిమేస్తూనే ఉంది. చెల్లెలు స్టూలు మీంచి చూస్తూ పళ్ళు నూరేది. ఒకరోజు కోపం పట్టలేక అర తాను బట్ట ఫ్రేముకి తిరగేసి బిగించింది. బ్యాడ్జీలన్నీ లోపలివైపు కుట్టుకుపోయాయి. "ఓ పెట్టే, చదువుకున్నవాళ్ళ పని ఇలాగే ఉంటుంది కాబోలు" అంది అక్క. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు. బావ ఒక్కడే తిన్నాడు. రెండుసార్లు తిన్నాడు.

చివరికి కుర్చీ కిందికి నీళ్ళు తెచ్చింది మాస్టారూ కాదు, చెల్లెలూ కాదు.

ఆవేళ పొద్దున తాళం తీశారు. అక్క కుర్చీలో కూర్చుంది. చీటీ ఊడిపడింది. రోజూ వచ్చేదానికంటే కొంచెం పెద్దది, పైన ఏదో పువ్వు లాంటి బొమ్మ కూడా ఉంది. ఎంత పువ్వు పెడితే మాత్రం, అనుకుని ఎప్పట్లాగే కుడి బొత్తం నొక్కింది. చీటీ పోయింది. దాని చోట సన్నటి గీత ఒకటి వచ్చింది. బాబిన్‌కి దారం చుట్టుకున్నట్టు అది మెల్లగా నిండుతోంది. ఏదో దాని పని అది చేసుకుంటోందిలే అని అక్క కాపలావాళ్ళ నక్షత్రాలు గీసుకుంటూ కూర్చుంది. గీత నిండింది. తెరంతా నీలమైపోయింది. మధ్యలో ఖాళీ డబ్బా, పాస్‌వర్డ్ కొట్టమని కన్ను గీటుతూ, దాని కింద మళ్ళీ రెండు బొత్తాలు.

మిషను చప్పుడు ఆగింది. చెల్లెలు లేచి వచ్చి కుర్చీ వెనక నిలబడింది. తెర చదివింది. మళ్ళీ చదివింది.

"ఓ పెట్టే," అంది నెమ్మదిగా, "కొత్త సిస్టం ఎక్కించమని నిన్నెవరు అడిగారు?"

అక్క ఆ ఖాళీ డబ్బాకేసి చూసింది. అంటే కుడిది సరే అయి కూర్చుందన్నమాట ఈసారి. కంపెనీవాడి చేతులు విరగ, బొత్తాలు అటుదిటు చేశాడు. ఇప్పుడేమంటుంది? పొరపాటున నొక్కానంటే, అంత పెద్ద అక్షరాల్లో రాసుంటే పొరపాటెలా అవుతుందని అడుగుతారు. నేను నొక్కలేదంటే, ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారు? కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

"నేనే నొక్కాను. కావాలనే నొక్కాను. అయితే ఏమిటట?"

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న బావ చేతిలోంచి బూటు జారింది. "నిన్నటిదాకా చచ్చిన చేప అన్నావుగా!"

"నిన్న నిన్నే, ఇవాళ ఇవాళే. నా బుద్ధికి తోచింది, నొక్కాను. కొత్తవన్నీ ఒక్కళ్ళకేనా తెలిసేది, లోకంలో?"

చెల్లెలు నవ్వుతుందనుకుంది, ఎగిరి గంతేస్తుందనుకుంది. నవ్వలేదు, గంతెయ్యలేదు. కాసేపు తెరనీ, కాసేపు అక్క నడినెత్తినీ చూసింది.

"ఓ పెట్టే, వద్దనే బొత్తం ఇంకా అక్కడే ఉందని ఆవిడకి చెప్పు," అంది. ఒక్క క్షణం ఆగి, "ఎడమవైపుది" అంది.

అక్క చెవులు భగ్గుమన్నాయి. ఎడమవైపుదని ఎందుకంది? చదవడం వచ్చినవాళ్ళకి ఎవరైనా వైపు చెబుతారా? దీనికి తెలుసా? ఎప్పట్నుంచి తెలుసు? ఇప్పుడు ఎడమది నొక్కితే అన్నీ ఒప్పుకున్నట్టే. నొక్కకపోతే తన వంటిల్లు తన చేత్తోనే తగలబెట్టుకున్నట్టే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్క నుయ్యి ఎంచుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి, నాన్న ఇచ్చిన ముందు సగం టపటపా కొట్టి కుర్చీ వెనక్కి తోసింది.

"ఓ పెట్టే, నా సగం అయింది. ధైర్యముంటే ఆవిడ సగం కొట్టమను."

చెల్లెలు కొట్టింది. అక్క గోడకేసి తిరగలేదు. చెల్లెలు తిరగమననూ లేదు.

పెట్టె గుర్రుమంటూ కూర్చుంది. ఎంతకీ తెమలదు. కుర్చీలో ఊరికే కూర్చోలేక అక్క ఒక కట్ట నెమలి బ్యాడ్జీలు ఒళ్ళో వేసుకుని పోగులు కత్తిరించబోయింది. కొంచెంసేపటికే మెడ పట్టేసింది, వేలికి కత్తెర గీసుకుంది.

"ఓ పెట్టే, అంత మొదలంటా కత్తిరిస్తే ముడి ఊడి, పిల్లాడి జేబు మీది నెమలి నడిరోడ్డు మీద ఈకలు రాలుస్తుందని చెప్పు."

"ఓ పెట్టే, నెమళ్ళని పుట్టించిందే నేనని చెప్పు," అంది గానీ, కట్ట పక్కన పెట్టేసి అన్నానికని వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

ముద్ద దిగలేదు. ముందుగదిలో టింగుమని గంట వినబడింది. తర్వాత కీచుమని కుర్చీ చప్పుడు. ఆ చప్పుడు ఆవిడకి తెలియందేమీ కాదు, కుర్చీలో ఎవరైనా బరువు పెట్టి కూర్చుంటే అలా అంటుంది. కూర్చుంది! తెర వెలిగీ వెలగక ముందే కూర్చుంది! లేచి వెళ్ళి జుట్టు పట్టుకుని దించాలనిపించింది. లేవలేదు. వెళ్తే ఆ కొత్త తెర చూడాలి. మౌసు టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఎంత సేపని టిక్కుమంటుందది? ఏం దోచేస్తోంది? మజ్జిగన్నం మీద ఈగ వాలినా అక్క తోలలేదు.

చెయ్యి కడుక్కుని, మొహం కడుక్కుని, అవసరం లేకపోయినా జుట్టు కూడా దువ్వుకుని ముందుగదిలోకి వచ్చేసరికి చెల్లెలు స్టూలు మీదే ఉంది. ఏమీ ఎరగనట్టు సూదికి దారం ఎక్కిస్తోంది. అక్క కూర్చుంది. కుర్చీ వెచ్చగా ఉంది.

తెర చూసింది. రంగులు మారాయి, అంచులు నున్నబడ్డాయి. కుట్టు ప్రోగ్రాం తెరిచే ఉంది. పై మూల బూడిదరంగు చతురస్రం. నొక్కింది. పాత డిజైన్లు తెరుచుకున్నాయి. తలుపు! దాని కిందది నొక్కింది. కత్తెర. ఆ కింద సూది. వంకర బాణం. కోడిగుడ్డు. చీపురు. ఒక్కటి తప్పిపోలేదు. ఉప్పు డబ్బా చోటున ఉప్పు డబ్బా, పప్పు డబ్బా చోటున పప్పు డబ్బా.

మాస్టారు చూపించిన దాంట్లో ఇలా లేవు. తమంతట తాము వచ్చి వరసలో నిలబడే రకాలు కావు ఇవి. ఎవరో ఒక్కొక్కటీ పట్టుకొచ్చి నిలబెట్టారు. ఆ వరస తెలియాలంటే ఇన్నేళ్ళూ స్టూలు మీంచి తన చెయ్యి ఎటు పోతుందో చూస్తూ ఉండాలి.

అంటే దీనికి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసి నోరు మూసుకుంది. వానలో తడిసిన పిల్లి అనడానికి తెరుచుకున్న నోరు, దీనికి మూసుకుంది.

అక్కకి కన్నీళ్ళు రావాలి గదా? రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టి ఉంటే బావుండేది. కుర్చీ లాక్కుని ఉంటే జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్ళు, ఎవరిదో ఒకరిది పైచెయ్యి అయ్యేది. ఇది జాలి! తనకంటే వెనక పుట్టినదాని జాలి! ఆ కుర్చీ తనదనుకుని ఇన్నాళ్ళూ ఊరేగింది, తీరా చూస్తే స్టూలు పెట్టిన భిక్ష.

మౌసు పట్టుకుంది. కత్తెరని నొక్కిపట్టి బరబరా ఈడ్చుకెళ్ళి అట్టడుగున అవతలి మూలకి విసిరింది.

మిషను ఆగింది. "ఓ పెట్టే, కత్తెర అక్కడెందుకో కనుక్కో."

"ఓ పెట్టే, నా కత్తెర, నా ఇష్టమని చెప్పు. ఒకళ్ళు సర్దిపెడితే గానీ బతకలేని దాన్ని కానని చెప్పు."

అని, చెల్లెలు చూస్తుండగానే ఆస్పత్రివాళ్ళ బొమ్మ తెరిచింది. ఇన్నాళ్ళూ తెరుచుకోనిది ఇట్టే తెరుచుకుంది. రెక్కలు విప్పిన పావురం. బొమ్మ తెరవగానే సూది దానంతటదే చేతికొస్తుంది. అక్క నడుం బిగించి దాని మీద కుట్లు గీయడం మొదలుపెట్టింది. ముక్కు అయింది, మెడ అయింది, ఒక రెక్కలో ఈకలన్నీ అయ్యాయి. చెయ్యి సాగింది. బావుంది కూడాను. ఇక కడుపు గుండ్రంగా తిప్పాలని, చూడకుండానే చెయ్యి కోడిగుడ్డు చోటికి వెళ్ళి టిక్కుమనిపించింది.

కత్తెర లేచిపోయిన చోటు ఖాళీగా ఉండదు కదా. కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగి కూర్చున్నాయి. కోడిగుడ్డు చోటికి చీపురొచ్చింది.

పావురం మాయమైపోయింది. తెర తెల్లగా, కడిగిన పళ్ళెంలా మిగిలింది.

అక్క వంకర బాణం చోటు నొక్కింది. అక్కడ కోడిగుడ్డు ఉంది. ఖాళీ తెర మీద ఒక పెద్ద గుండ్రం వచ్చి పడింది.

వెనక నుంచి ఫుస్సుమని చప్పుడు. గొంతు దగ్గర నొక్కుకున్నా ముక్కులోంచి తప్పించుకున్న నవ్వు.

"నవ్వకే!" అంది అక్క, గిర్రున కుర్చీతో సహా తిరిగి. "నవ్వావంటే ఆ స్టూలెత్తి నీ నెత్తిన పెడతాను!"

అన్నాక గానీ తెలియలేదు, మధ్యలో పెట్టె లేదని. చెల్లెలు చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చెల్లెలి కణతల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎప్పుడొచ్చాయో.

"పెట్టవే, పెట్టు," అంది చెల్లెలు. "నా నడుముకైనా దాని పీడ వదుల్తుంది."

"ఎవరు జరపమన్నారు నిన్ను, నా బొమ్మలు?"

"ఎవరు నొక్కమన్నారు నిన్ను, సరే అని?"

"కావాలనే నొక్కానన్నానా?"

"అన్నావులే. సూది చోటు నొక్కు. బాణం అక్కడికెక్కింది. నీ పావురం తిరిగొస్తుంది."

"నాకు తెలుసు."

"తెలుసులే."

"తెలుసన్నానా!"

నొక్కింది. గుండ్రం పోయింది. మళ్ళీ నొక్కింది. ముక్కూ, మెడా, ఒంటి రెక్కా అన్నీ తిరిగొచ్చాయి. అక్క ఊపిరి వదిలింది. కత్తెరని మాత్రం ఆ మూలనే వదిలేసింది, చస్తే వెనక్కి తేనంది.

చెల్లెలు స్టూలు కుర్చీ దగ్గరికి లాక్కుని, మెడ సాచి తెరకేసి చూసింది.

"పావురమా అది?"

"నోరుముయ్యవే."